బండిలో బిగించే రేడియో సెట్టు ప్రోగ్రామ్ తీసుకోకపోతే ఏ వరసలో చూసుకోవాలి

"అన్నా, ప్రోగ్రామ్ చేసినా, సెట్టు మాత్రం పన్జెయ్యడంలా." వారానికి ఒకసారైనా ఈ ఫోన్ వస్తుంది నాకు, ఒకరోజు పుత్తూరు నుంచి, ఇంకోరోజు చిత్తూరు నుంచి. అరగంట మాట్లాడినా ఫోన్లో తేలదు, ఎందుకంటే "పన్జెయ్యడంలా" అనే ఒక్క మాట వెనకాల పది రకాల తప్పులుంటాయి, ఒక్కోదానికి ఒక్కో మందు. అందుకే తిరుపతిలో నా టేబుల్ మీద ఏ వరసలో చూస్తానో ఆ వరసలోనే మొత్తం రాసి పెడతా ఉన్నా, పక్కన తెరిచి పెట్టుకోని ఒక్కోటి చూసుకుంటా పోండి.

ప్రోగ్రామ్ అంటే కంప్యూటర్ నుంచి కేబుల్‌తో చానళ్ళు, ఫ్రీక్వెన్సీలు సెట్టులోకి ఎక్కించడం. సెట్టులో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటే రీడ్ (చదవడం), కంప్యూటర్ నుంచి సెట్టులోకి ఎక్కిస్తే రైట్ (రాయడం). ఇక్కడ మొబైల్ సెట్ అంటే కారులోనో జీపులోనో డాష్‌బోర్డ్ కింద బిగించే సెట్టు, బండి బ్యాటరీ మీద నడిచేది, 25 వాట్లో 50 వాట్లో కొట్టేది. హామ్ లైసెన్స్ (సరదాకి రేడియో వాడేవాళ్ళకి ఇచ్చేది) ఉన్నోళ్ళు హామ్ బ్యాండ్లో, కంపెనీ సెట్లయితే వాళ్ళ లైసెన్స్ కాగితంలో ఉన్న ఫ్రీక్వెన్సీల్లో మాత్రమే. ఆ కాగితం చూడకుండా నేనయితే ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ వెయ్యను, మీరూ వెయ్యొద్దండి.

1. ముందు ఏ రకం తప్పో తేల్చుకోండి

కేబుల్ పెట్టేముందే ఈ మూడిట్లో మీది ఏదో చూసుకోండి:

- కంప్యూటర్ సెట్టుని అసలు చదవడంలేదు. అయితే తప్పు పవర్, కేబుల్, పోర్టు, డ్రైవర్, సాఫ్ట్‌వేర్, ఈ ఐదిట్లో ఎక్కడో ఉంది. 3 నుంచి 6 దాకా చూడండి.
- చదువుతుంది గానీ రాయడంలేదు, లేకపోతే మధ్యలో ఆగిపోతా ఉంది. 7, 8 చూడండి.
- చదివింది, రాసింది, అంతా బాగానే అయింది, మాట మాత్రం పోవడంలేదు, రావడంలేదు. నేరుగా 9కి పోండి, కేబుల్ జోలికి పోవాల్సిన పన్లేదు.

మూడో రకం తప్పు ఉన్నోళ్ళు కేబుల్ మారుస్తా, డ్రైవర్ మారుస్తా రోజులు పోగొట్టుకుంటారు. సెట్టు పూర్తిగా రీడ్ అయి, రైట్ కూడా అయిందంటే మీ కేబుల్ బాగుంది, దాన్ని వదిలెయ్యండి.

2. టేబుల్ మీద ఏమేం ఉండాలి

- 13.8 వోల్టుల పవర్ సప్లై, లేకపోతే బాగా చార్జ్ ఉన్న 12 వోల్టుల బ్యాటరీ
- డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టేది, సిగ్నల్‌ని గాల్లోకి పోనియ్యకుండా తానే మింగేస్తుంది), లేదా ఆ బ్యాండ్‌కి సరిపోయే యాంటెన్నా. ఖాళీ సాకెట్‌తో పీటీటీ (మాట్లాడ్డానికి మైక్ మీద నొక్కే బటన్) నొక్కొద్దు
- సెట్టు వెనకాల ఉండే స్టిక్కర్ ఫొటో, మోడల్ నంబర్ మొత్తం కనిపించేటట్టు
- చానళ్ళ కాగితం: రిసీవ్ ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీ, టోన్, బ్యాండ్‌విడ్త్ (ఇవేంటో 9లో చెప్తా), పేరు
- ఒక మల్టీమీటర్
- ఇంకో పనిచేసే సెట్టు, చేతిసెట్టయినా సరే, టెస్టుకి

చానళ్ళ కాగితం రాసుకోకుండా సాఫ్ట్‌వేర్ తెరిచినోళ్ళు తప్పకుండా ఏదో ఒక గడి ఖాళీగా వదిలేస్తారు. పది నిమిషాలు పట్టినా కాగితమే ముందు.

3. పవర్

సెట్టు వెలిగింది కదా, పవర్ బాగుంది అనుకోవద్దు. మీటర్ పెట్టి సెట్టు వెనకాల ప్లగ్ దగ్గరే కొలవండి, సప్లై దగ్గర కాదు. తుప్పు పట్టిన ఫ్యూజ్ హోల్డర్ వల్ల మధ్యలో వోల్టులు పడిపోయేది నేను చాలా సెట్లలో చూసినా.

బండిలోనే పెట్టి ప్రోగ్రామ్ చేస్తా ఉంటే మధ్యలో ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వోల్టేజ్ ఒక్కసారిగా కిందికి పోతుంది, అదే క్షణంలో రైట్ నడుస్తా ఉంటే మెమరీ సగంలో ఆగిపోతుంది. ఇంట్లో చేస్తా ఉంటే కరెంట్ పోయే ప్రమాదం ఉంది కాబట్టి నేను రైట్ కొట్టేటప్పుడు మాత్రం బ్యాటరీ మీదే పెడతా, ల్యాప్‌టాప్ కూడా చార్జర్ పీకేసి దాని బ్యాటరీ మీదే నడుపుతా. దాంతో చార్జర్ నుంచి వచ్చే కరెంటు గోల (నాయిస్) కూడా పోతుంది, రెండు వైపులా సప్లైలు ఉన్నప్పుడు ఆ గోల డేటా లైన్లోకి ఎక్కి రీడ్ మధ్యలో ఎర్రర్ తెస్తుంది.

ఇంకొక్కటి. కొన్ని సెట్లలో ఇగ్నిషన్ వైరు అని వేరుగా ఒక వైరుంటుంది, దానికి 12 వోల్టులు రాకపోతే సెట్టు ఆన్ కాదు, లేకపోతే కాసేపటికి దానంతటదే ఆఫ్ అయిపోతుంది. టేబుల్ మీదికి తెచ్చినప్పుడు ఆ వైరు గాల్లో వేలాడతా ఉంటుంది. సెట్టు చచ్చిపోయిందని తెచ్చినోళ్ళకి ఆ ఒక్క వైరు తగిలించి ఇచ్చిన సందర్భాలున్నాయి.

4. కేబుల్: ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఇక్కడే

చాలా మొబైల్ సెట్లకి ప్రోగ్రామింగ్ మైక్ సాకెట్ నుంచే. ఆ సాకెట్ చూడ్డానికి ఇంటర్నెట్ లాన్ సాకెట్ మాదిరే ఉంటుంది, ఎనిమిది పిన్నులు. ప్లగ్ సరిపోయింది కదా అని వేరే కంపెనీ కేబుల్ పెట్టెయ్యొద్దు. ఒక కంపెనీ సెట్టులో డేటా ఉన్న పిన్ను మీద ఇంకో కంపెనీ సెట్టులో వోల్టేజ్ ఉంటుంది, ఆ వోల్టేజ్ నేరుగా కేబుల్ చిప్‌లోకి పోతుంది, ఒక్కోసారి ల్యాప్‌టాప్ యూఎస్‌బీ దాకా పోతుంది. మీ మోడల్ పిన్ చార్ట్ చూసి, మీటర్ పెట్టి గ్రౌండ్ పిన్ను ఏదో తేల్చుకున్నాకే పెట్టండి.

పాత కంప్యూటర్ వెనకాల ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు నుంచి రేడియోకి నేరుగా వైర్లు లాగొద్దు. ఆ పోర్టు ప్లస్ మైనస్ రెండు వైపులా పెద్ద వోల్టులు ఇస్తుంది, రేడియో లోపల ప్రాసెసర్ 5 వోల్టులో 3.3 వోల్టులో మాత్రమే తట్టుకుంటుంది. మధ్యలో లెవల్ మార్చే సర్క్యూట్ ఉండాలి, పాత మోటరోలా సెట్లకి వాడే రిబ్ బాక్స్ చేసే పని అదే.

ఇప్పుడు కేబుల్ బాగుందో లేదో తేల్చే టెస్టు. చిత్తూరు నుంచి ఒక తమ్ముడు నాలుగు రోజులు డ్రైవర్లు మార్చి మార్చి విసిగిపోయి కేబుల్ తీసుకోని వచ్చినాడు. నేను సెట్టుని ముట్టుకోలేదు. కేబుల్ యూఎస్‌బీ వైపు ల్యాప్‌టాప్‌కి పెట్టి, రేడియో వైపు ప్లగ్‌లో డేటా పోయే పిన్నుని, డేటా వచ్చే పిన్నుని సన్న తీగతో కలిపేసి, పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి, 9600 స్పీడ్ పెట్టి కీబోర్డ్ మీద అక్షరాలు కొట్టినా. తెర ఖాళీ. కేబుల్‌ని ప్లగ్ దగ్గర కొంచెం వంచి పట్టుకోని కొడితే ఒక్కో అక్షరం తిరిగి కనబడింది, వదిలితే మళ్ళీ ఖాళీ. పైనున్న రబ్బరుని బ్లేడుతో చీల్చి చూస్తే లోపల పచ్చ వైరు తెగి రెండు మూడు పోగుల మీద ఆనుకోని ఉంది. టంకం పెట్టినాక మొదటి రీడ్‌కే సెట్టు వచ్చేసింది. "నాలుగు రోజులన్నా, నాలుగు రోజులు" అని ఆ తమ్ముడు కుర్చీలో అట్లే కూలబడినాడు.

ఆ టెస్టు మీరూ చేసుకోవచ్చు:

1. రేడియోకి కేబుల్ తగిలించొద్దు, యూఎస్‌బీ వైపు మాత్రమే పెట్టండి.
2. టెర్మినల్లో లోకల్ ఎకో ఆఫ్ చెయ్యండి. ఆన్‌లో ఉంటే మీరు కొట్టింది మీకే కనబడి మోసపోతారు.
3. రెండు డేటా పిన్నులు కలపక ముందు అక్షరాలు కొట్టండి, ఏమీ రాకూడదు.
4. కలిపి కొట్టండి, కొట్టింది కొట్టినట్టే తిరిగి రావాలి.
5. కేబుల్ పొడుగునా వంచుతా కొట్టండి, ఎక్కడ తెగితే అక్కడే తప్పు.

కొన్ని కేబుళ్ళలో పోయేది వచ్చేది ఒకే వైరు మీద ఉంటాయి, మోటరోలా, ఐకామ్ సెట్లలో ఈ పద్ధతి ఎక్కువ. అట్లాంటి కేబుల్‌కి పిన్నులు కలపకుండానే అక్షరాలు తిరిగి వస్తాయి, అది తప్పు కాదు. వాటికి మూడో మెట్టు వదిలెయ్యండి.

5. పోర్టు, డ్రైవర్

కేబుల్ పెట్టినాక విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అనే వరస చూడండి. అక్కడ కనిపించేదాన్ని బట్టి:

- ఏమీ రాలేదు: కేబుల్ చిప్ చచ్చింది, లేదా యూఎస్‌బీ సాకెట్ లూజు. హబ్ తీసేసి నేరుగా పెట్టి చూడండి.
- పసుపు గుర్తు ఉంది, కోడ్ 10 అంటా ఉంది: డ్రైవర్ తప్పు.
- "పీఎల్2303హెచ్ఎక్స్ఏ ఫేజ్డ్ అవుట్ సిన్స్ 2012" అని వచ్చింది: చిప్ పాతది, లేదా నకిలీది. కొత్త డ్రైవర్ దాన్ని కావాలనే ఆపేస్తుంది.
- కామ్ అని పక్కన నంబర్ శుభ్రంగా వచ్చింది: పోర్టు బాగుంది, ఆ నంబర్ రాసి పెట్టుకోండి.

ఆ పీఎల్2303 చిప్ ప్రొలిఫిక్ కంపెనీది. దాని నకిలీ చిప్ ఉన్న కేబుళ్ళకి చాలామంది చేసేది పాత డ్రైవర్ 3.3.2.102 వెయ్యడం. పనిచేస్తుంది, కాకపోతే విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కొత్త డ్రైవర్ మళ్ళీ వచ్చి కూర్చుంటుంది, మళ్ళీ డ్రైవర్ వెనక్కి తిప్పుకోవాలి. నా మాట అడిగితే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ చిప్ ఉన్న మంచి కేబుల్ ఒకటి కొనుక్కోండి. ఒక్కసారి డబ్బు పోతుంది, ఈ గోల మొత్తం పోతుంది.

ఎఫ్‌టీడీఐ కేబుల్‌తో కూడా పాత సాఫ్ట్‌వేర్లు కొన్ని టైమ్ అవుట్ అంటాయి. పోర్ట్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి పోతే లేటెన్సీ టైమర్ 16 అని ఉంటుంది, దాన్ని 1 చేసి చూడండి. అదే పేజీలో పోర్ట్ నంబర్ కూడా మార్చొచ్చు. పాత సాఫ్ట్‌వేర్లకి పెద్ద నంబర్ పోర్టులు కనిపించవు, కామ్ 17 అని వచ్చి ఉంటే కామ్ 3కో 4కో మార్చి సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరవండి.

లైనక్స్ వాడేవాళ్ళకి రెండే మాటలు. మీ యూజర్ డయలవుట్ గ్రూపులో ఉండాలి, చేర్చినాక లాగౌట్ అయి మళ్ళీ రావాలి. ఉబుంటు 22.04లో సీహెచ్340 చిప్ కేబుల్ పెట్టగానే మాయమైపోతా ఉంటే బీఆర్ఎల్‌టీటీవై అనే ప్రోగ్రామ్ దాన్ని లాక్కుంటా ఉంది. అది అంధులు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఉండే ప్రోగ్రామ్, మీ ఇంట్లో ఎవరికీ ఆ అవసరం లేకపోతేనే తీసెయ్యండి.

6. సాఫ్ట్‌వేర్, మోడల్ నంబర్

ముందుభాగం ఒకే మాదిరి ఉన్నంత మాత్రాన రెండు సెట్లు ఒకటి కాదు. ఒకే మోడల్ పేరు మీద 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ సెట్టు ఉంటుంది, 400 పైన నడిచే సెట్టు కూడా ఉంటుంది, ఏ దేశం కోసం చేసిందనే తేడా కూడా ఉంటుంది. స్టిక్కర్ మీద నంబర్ చివరి అక్షరం దాకా చూసి దానికి తగిన సాఫ్ట్‌వేరే వాడండి.

బాగా పాత సెట్ల సాఫ్ట్‌వేర్లు డాస్ కాలంనాటివి. 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు, ఎంత తిప్పలు పడినా నడవవు. వాటికోసం నిజమైన సీరియల్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్ ఒకటి మూలన పెట్టుకోవాల్సిందే. మోటరోలా జీఎం300 లాంటి సెట్లకి కంప్యూటర్ మరీ స్పీడుగా ఉన్నా పని జరగదు.

హామ్ సెట్లకి చిర్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, చాలా మోడళ్ళు చదువుతుంది. చిర్ప్‌లో "రేడియో డిడ్ నాట్ రెస్పాండ్" అని వస్తే పోర్టు, మోడల్ ఎంపిక మళ్ళీ చూడండి, ప్లగ్‌ని టక్కుమని శబ్దం వచ్చేదాకా లోపలికి నొక్కండి. కొన్ని సెట్లని ఏదో ఒక బటన్ పట్టుకోని ఆన్ చేసి క్లోన్ మోడ్‌లోకి (కేబుల్ మీద డేటా ఇచ్చిపుచ్చుకునే స్థితి) తేవాలి, తేకపోతే ఎంతసేపు కొట్టినా పలకవు. యాయెసు (Yaesu) కంపెనీ సెట్లలో ఇది మామూలు. ఆ బటన్ ఏదో మోడల్ మోడల్‌కీ మారుతుంది, మాన్యువల్లో క్లోన్ అనే పేజీ చూడండి.

సెకండ్ హ్యాండ్ సెట్టు పాస్‌వర్డ్ అడుగుతా ఉంటే ముందు వాడినోళ్ళని అడగండి. వాళ్ళు ఎవరో తెలియకపోతే ఆ సెట్టు మీ చేతికి ఎట్లా వచ్చిందో ముందు చూసుకోవాలి, పాస్‌వర్డ్ సంగతి తర్వాత.

7. మొదటి రీడ్, దాన్ని దాచడం

ఇది ఒక్కటి గుర్తు పెట్టుకుంటే మిగతావి మర్చిపోయినా నష్టం లేదు. సెట్టు మొదటిసారి రీడ్ కాగానే ఏమీ మార్చకుండా ఆ ఫైల్‌ని సేవ్ చెయ్యండి. పేరులో మోడల్, సెట్టు సీరియల్‌లో చివరి నాలుగు అంకెలు, తేదీ పెట్టండి. ఇంకో కాపీ మెయిల్లోకి పంపుకోండి. ఆ తర్వాత రెండోసారి రీడ్ చేసి రెండూ ఒకేలా ఉన్నాయో చూడండి. రెండు రీడ్‌లలో తేడా వస్తే కేబుల్‌లో ఎక్కడో గోల ఉంది, ఆ స్థితిలో రైట్ కొట్టనే కొట్టొద్దు.

మొదట్లో నేనే ఈ పని చెయ్యకుండా ఒక సెట్టుని పాడు చేసినా. పక్కనే ఉన్న ఇంకో సెట్టు ఫైల్ చేతిలో ఉంది, రెండూ ఒకటే అనుకోని రీడ్ చెయ్యకుండానే రైట్ కొట్టినా. రైట్ పూర్తయింది, సెట్టు ఆన్ చేస్తే ఆగకుండా బీప్ అని మోత, ఏ చానల్‌కి తిప్పినా అదే మోత. ఆ ఫైల్ వేరే బ్యాండ్ సెట్టుది. అసలు ఫైల్ లేదు, ఎక్కడా దొరకలేదు, అదే మోడల్ అదే బ్యాండ్ సెట్టు ఉన్న మనిషి దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ సెట్టు ఓనర్ ముసలాయన, ఒక్క మాట అనలేదు నన్ను, వచ్చినప్పుడల్లా "అయిందా నాయనా" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఆ రోజు నుంచి రీడ్ ఫైల్ రెండుచోట్ల ఉందా అని చూసుకోకుండా రైట్ బటన్ మీద చెయ్యి పెట్టలేదు.

కొన్ని చైనా సెట్లలో ఫైల్ లోపల చానళ్ళతో పాటు ఆ సెట్టుకే సొంతమైన ట్యూనింగ్ విలువలు కూడా ఉంటాయి. ఒక సెట్టు ఫైల్‌ని ఇంకో సెట్టులోకి మొత్తంగా ఎక్కిస్తే పవర్, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్ గోలని ఆపేది) అన్నీ తేడా వస్తాయి. పది సెట్లు ఒకేలా చెయ్యాలన్నా ఒక్కో సెట్టునీ రీడ్ చేసి, దాని ఫైల్లోకి చానళ్ళు మాత్రమే కాపీ చేసి, దాన్నే వెనక్కి రాయండి.

8. రైట్

రైట్ కొట్టేముందు:

- రీడ్ ఫైల్ రెండుచోట్ల ఉందా
- బ్యాటరీ నిండుగా ఉందా, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా ఆపినారా
- మైక్ పీటీటీ ఏదైనా బరువు కింద నొక్కుకోని లేదు కదా
- ఇంట్లో పిల్లోళ్ళు వైరు తట్టుకునే దారిలో లేరు కదా

మొదటి రైట్‌లో చానళ్ళన్నీ మార్చొద్దు. ఒక్క చానల్ పేరు మార్చి రాసి, సెట్టు ఆఫ్ చేసి ఆన్ చేసి, ఆ పేరు వచ్చిందో చూడండి. వస్తే మిగతావన్నీ ఒకేసారి రాయండి.

మధ్యలో ఆగిపోతే కంగారుపడి కేబుల్ పీకొద్దు. సాఫ్ట్‌వేర్ తానే ఎర్రర్ చెప్పేదాకా ఆగి, సెట్టు ఆఫ్ చేసి అర నిమిషం ఆగి ఆన్ చేసి, అసలు రీడ్ ఫైల్‌నే మళ్ళీ రాయండి. ఎక్కువసార్లు సెట్టు తిరిగి వస్తుంది. తెర మీద ఫెయిల్ అనో ఎర్రర్ అనో పక్కన నంబర్ వస్తే దాన్ని ఫొటో తీసుకోని ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి, చెక్‌సమ్ (మెమరీలో ఉన్న డేటా సరిగ్గా ఉందో లేదో చూసే లెక్క) తప్పు అయితే అసలు ఫైల్‌తో బాగయ్యే అవకాశం ఉంది, హార్డ్‌వేర్ అంటే బోర్డు విప్పాల్సిందే.

రాసిన చానళ్ళు బండి బ్యాటరీ తీసిన ప్రతిసారీ పోతా ఉంటే అది మీ తప్పు కాదు. పాత సెట్లు కొన్నిట్లో మెమరీని చిన్న లిథియం సెల్ నిలబెడుతుంది, అది అయిపోయింది, మార్చండి.

9. రాసింది గానీ మాట పోవడంలా: అంకెల తప్పులు

నా దగ్గరికి వచ్చే సెట్లలో ఎక్కువ ఇవే.

ఆఫ్‌సెట్ దిక్కు. రిపీటర్ అంటే ఎత్తులో ఉండి మన మాట ఒక ఫ్రీక్వెన్సీలో విని ఇంకోదాంట్లో తిరిగి కొట్టే సెట్టు, ఆ రెండిటి మధ్య తేడానే ఆఫ్‌సెట్. రెండు మీటర్ల హామ్ బ్యాండ్లో రిపీటర్‌కి 600 కిలోహెర్ట్జ్ కిందికి పోవాలి. లెక్క కోసం చెప్తా ఉన్నా, రిపీటర్ 145.625లో వినిపిస్తే మనం 145.025లో కొట్టాలి. మైనస్ బదులు ప్లస్ పడితే 146.225 అవుతుంది, మన దేశంలో ఆ హామ్ బ్యాండ్ 144 నుంచి 146 దాకానే కాబట్టి అక్కడ కొట్టడం రిపీటర్ తెరుచుకోకపోవడం కంటే పెద్ద తప్పు, ఇంకొకరి ఫ్రీక్వెన్సీలోకి పోయినట్టు. ఎప్పుడూ ఆఫ్‌సెట్ గుర్తు చూసి వదిలెయ్యకుండా పీటీటీ నొక్కి తెర మీద వచ్చే అంకె చదవండి, డమ్మీ లోడ్ పెట్టే చెయ్యండి.

టోన్. మాట కింద సన్నగా పోయే ఒక స్వరం ఇది, అది కలిస్తేనే అవతలి సెట్టు తెరుచుకుంటుంది. ఈ సీటీసీఎస్ఎస్ టోన్లు 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ దాకా ఉంటాయి, పక్కపక్క అంకెలు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. 123.0 బదులు 127.3 మీద మౌస్ జారితే రిపీటర్ పలకదు, సెట్టుకి ఏ రోగమూ లేదు. ఎట్లా గుర్తుపట్టాలి? అవతలోళ్ళు మాట్లాడినప్పుడు మీ సెట్టు మీద పచ్చ లైటు వెలుగుతుంది గానీ స్పీకర్ నుంచి మాట రాకపోతే, మానిటర్ బటన్ నొక్కండి. నొక్కితే మాట వినబడుతుంటే మీ రిసీవ్ టోన్ తప్పు. అనుమానం ఉన్నప్పుడు రిసీవ్ టోన్ తీసేసి ట్రాన్స్‌మిట్ టోన్ ఒక్కటే ఉంచండి, చిర్ప్‌లో అయితే టీఎస్‌క్యూఎల్ బదులు టోన్ అని పెట్టడమే.

డీసీఎస్ కోడ్లయితే (టోన్ బదులు అదే పని చేసే డిజిటల్ కోడ్) ఇంకో చిక్కు. నార్మల్, ఇన్వర్టెడ్ అని రెండు రకాలు. 023 నార్మల్ అంటే 047 ఇన్వర్టెడ్ ఒకటే, అంటే ఒక సెట్టులో 023 ఇన్వర్టెడ్, ఇంకోదాంట్లో 023 నార్మల్ పడితే ఒకే అంకె కనబడతా ఉంటుంది గానీ ఒకరి మాట ఒకరికి పోదు. కాగితం మీద కోడ్ పక్కన ఎన్ అనో ఐ అనో తప్పకుండా రాయించుకోండి.

బ్యాండ్‌విడ్త్, అంటే చానల్ వెడల్పు. ఒక సెట్టులో 25 కిలోహెర్ట్జ్ (వైడ్), ఇంకోదాంట్లో 12.5 (నారో) అయితే మాట పోతుంది గానీ చెడిపోతుంది. వైడ్ సెట్టు మాట నారో సెట్టులో పగిలినట్టు వస్తుంది, గట్టిగా అరిచే కొద్దీ తెగిపోతుంది. నారో సెట్టు మాట వైడ్ సెట్టులో సన్నగా, దూరంగా వస్తుంది, మైక్ పాడైందని మైక్ మార్చేస్తారు పాపం. మైక్ మార్చేముందు రెండు సెట్లలోనూ ఈ గడి చూడండి.

స్టెప్, అంటే ఫ్రీక్వెన్సీ ఒక్కో మెట్టుకి ఎంత జరుగుతుందో అది. 145.6125 లాంటి అంకెని 5 కిలోహెర్ట్జ్ స్టెప్‌లో ఉన్న సెట్టులో ముందు ప్యానెల్ నుంచి వేస్తే అది 145.610కో 145.615కో జరిగిపోతుంది, ఏమీ చెప్పకుండా జరిగిపోతుంది. స్టెప్ 12.5 పెట్టి మళ్ళీ వెయ్యండి.

పీటీటీ నొక్కితే బుయ్యి మంటా ఉంది, పోవడంలా. మూడు కారణాలు చూడండి. చానల్ రిసీవ్ ఓన్లీ అని టిక్ పడి ఉండొచ్చు. ట్రాన్స్‌మిట్ గడి ఖాళీగా ఉండొచ్చు. లేకపోతే బిజీ చానల్ లాకౌట్ ఆన్‌లో ఉంది, చానల్ మీద ఎవరైనా ఉంటే, ఊరికే గోల ఉన్నా కూడా, అది మీకు మాట ఇవ్వదు. రేణిగుంట ఫ్యాక్టరీల వైపు పోయినప్పుడు మాత్రమే ఆగిపోతా ఉందని ఒకాయన తెచ్చినాడు, లాకౌట్ తీసేసి స్క్వెల్చ్ ఒక మెట్టు పెంచి ఇచ్చినా, మళ్ళీ రాలేదు ఆ కంప్లయింట్. ఒక నిమిషం మాట్లాడగానే తెగిపోతే అది టైమ్ అవుట్ టైమర్, తప్పు కాదు, దాన్ని తీసెయ్యొద్దు, ఎప్పుడైనా మైక్ సీటు కింద ఇరుక్కోని పీటీటీ నొక్కుకుంటే సెట్టునీ చానల్‌నీ కాపాడేది అదే.

అన్ని చానళ్ళలో ఆగని బీప్. రాసిన ఫ్రీక్వెన్సీ ఆ సెట్టు బ్యాండ్‌లో లేదు, లోపలి ఆసిలేటర్ లాక్ కావడంలేదు. 7లో చెప్పిన నా సెట్టు జబ్బు ఇదే.

446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదు కదా, కారు సెట్టులో వేసివ్వమని కూడా అడుగుతారు. అది తక్కువ పవర్ చేతిసెట్ల కోసం ఇచ్చింది, 25 వాట్ల సెట్టుని అందులో పెట్టొద్దు.

10. డీఎంఆర్ సెట్లయితే అదనంగా

డీఎంఆర్ అంటే మాటని డిజిటల్‌గా పంపే పద్ధతి. కలర్ కోడ్ (రిపీటర్‌కి గుర్తుగా ఇచ్చే అంకె) 0 నుంచి 15 దాకా, స్లాట్ (ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకునే రెండు వంతుల్లో ఒకటి) 1 లేదా 2, టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే గుంపు నంబర్), ఈ మూడూ రిపీటర్‌తో కలవాలి. ఒక్కటి తేడా ఉన్నా సెట్టు మౌనంగా ఉంటుంది. మాట పోతుంది గానీ రాదంటే రిసీవ్ గ్రూప్ లిస్ట్‌లో ఆ టాక్‌గ్రూప్ చేర్చలేదు. చానల్ చేసినా తెర మీద కనబడలేదంటే దాన్ని ఏ జోన్‌లోనూ (సెట్టులో చానళ్ళని పెట్టుకునే గుంపు) పెట్టలేదు, ఇది కొత్తగా చేసేవాళ్ళందరికీ అయ్యేదే.

11. ప్రోగ్రామింగ్ తప్పు కానివి

తిరుపతిలో ఉండేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. కపిలతీర్థం, అలిపిరి దగ్గర కొండకి ఆనుకోని నిలబడి కొండ అవతల ఉన్న సెట్టుతో మాట్లాడి, మాట పోలేదు కాబట్టి ప్రోగ్రామ్ తప్పు అనుకుంటారు. ఈ సెట్లు నడిచే వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు రెండూ అంత రాయిని దాటవు. టెస్టు ఎప్పుడూ ముందు ఒకే వీధిలో రెండు సెట్ల మధ్య, లో పవర్‌లో, రిపీటర్ లేకుండా చెయ్యండి. అక్కడ మాట పోతే ప్రోగ్రామ్ బాగుంది, మిగతాది యాంటెన్నా, కొండ, దూరం.

మే నెల ఎండలో అద్దాలు మూసి పెట్టిన బండిలో తెర మొత్తం నల్లబడితే మెమరీ పోయిందనుకోవద్దు, ఎల్‌సీడీ వేడికి అట్లా అవుతుంది. నీడలో పెట్టి చల్లబడినాక చూడండి.

12. బండిలో బిగించినాక

1. ఇంజన్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి టెస్ట్ చెయ్యండి. ఆన్‌లో మాత్రమే గోల వస్తే పవర్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి లాగండి.
2. కాగితంలో ఉన్న ప్రతి చానల్‌లోనూ ఒక మాట పంపి, ఒక మాట విని టిక్ పెట్టండి. ఒకటి పోయింది కదా మిగతావీ పోతాయిలే అని వదలొద్దు.
3. హామ్ సెట్టయితే టెస్టులో కూడా మీ కాల్‌సైన్ చెప్పండి.
4. అంతా అయినాక సెట్టుని చివరిసారి రీడ్ చేసి, ఆ ఫైల్‌ని మొదటి ఫైల్ పక్కనే వేరే పేరుతో దాచండి. మొదటిదాన్ని తుడిచెయ్యొద్దు.
5. సెట్టు అడుగున చిన్న స్టిక్కర్ అంటించి తేదీ, ఫైల్ పేరు, ఏ కేబుల్‌తో చేసినారో రాయండి. ఎండకి పెన్ను రాత వెలిసిపోతుంది, పెన్సిల్‌తో రాసి పైన టేపు వెయ్యండి.